మెరిండా చెట్టు

2009 మార్చి మూడు, మంగళవారం. ఆ ఉదయం క్లిఫర్డ్ కాల్చిన రొట్టె మీద డబ్బా చేపలు పెట్టుకుని సగం తిన్నాడు. మిగతా సగం పళ్లెంలోనే ఉండిపోయింది. టౌన్ కౌన్సిల్ నుంచి తాన్యా వచ్చి తలుపు తట్టింది.

"క్లిఫ్, మీ చెట్టు బతికేలా లేదు. మొదలు దగ్గర ఎవరో ఏదో పోస్తున్నారు."

రేవు పక్క గట్టు మీద తొమ్మిది యూకలిప్టస్ చెట్లున్నాయి. రెండో ప్రపంచ యుద్ధంలో మునిగిన ఒక్కో యుద్ధనౌకకీ ఒక్కో చెట్టు. ఏడోది మెరిండా అనే ఓడది. క్లిఫర్డ్ అన్న లెన్, పంతొమ్మిదేళ్లవాడు, ఆ ఓడతోపాటే పోయాడు. సమాధి లేదు. ఉన్నదల్లా ఆ చెట్టే.

ఇప్పుడు దాని ఆకులు అంచుల నుంచి మాడుతున్నాయి. మిగతా ఎనిమిదీ పచ్చగా ఉన్నాయి.

"మట్టిని పరీక్షకి పంపాం. శుక్రవారం తెలుస్తుంది. ఎండిపోతే మాత్రం కొట్టేస్తారు క్లిఫ్. మళ్లీ నాటరు."

"ఎవరి పనో నాకు తెలుసు," అన్నాడు క్లిఫర్డ్.

ఆ ఊళ్లో అందరికీ తెలిసిన సంగతే. ఏ ఇంటికి సముద్రం కనిపించకుండా చెట్టు అడ్డొస్తే, ఆ చెట్టుకి ఉన్నట్టుండి జబ్బు చేస్తుంది. మెరిండా చెట్టుకి సరిగ్గా వెనకే డెస్మండ్ బాల్కనీ.

డెస్మండ్ బడి రోజుల నుంచీ స్నేహితుడు. కిందటి జులైలో క్లిఫర్డ్ భార్య ఐరిస్ పోతే, నెల రోజులు సూప్ కాచి తెచ్చినవాడు. ఆ జులై నుంచే క్లిఫర్డ్ రోజూ తెల్లవారగానే క్యాన్ మోసుకెళ్లి చెట్టుకి నీళ్లు పోస్తున్నాడు. వాన కురిసిన రోజు కూడా మానలేదు.

ఆ సాయంత్రం క్లిఫర్డ్ నిండు క్యాన్ చేత్తో పట్టుకునే డెస్మండ్ గుమ్మంలో నిలబడ్డాడు.

"సముద్రం కనిపించట్లేదని మా అన్నని రెండోసారి ముంచుతావురా?"

డెస్మండ్ టీ కప్పు కింద పెట్టాడు. "ఓరి పిచ్చోడా! రోజూ పొద్దున్నే ఈ బాల్కనీలోనే కూచుంటాను. అక్కడికి ఎవరొస్తారో, ఏం పోస్తారో చూడననుకున్నావా?"

"అయితే చెప్పు. ఎవరు?"

డెస్మండ్ చెప్పబోయాడు. క్లిఫర్డ్ చేతిలోని క్యాన్‌నీ, తడిసిన ప్యాంటు అంచుల్నీ చూశాడు.

"నేనే అనుకోరా," అన్నాడు డెస్మండ్. "కౌన్సిల్‌కి కూడా నేనే చేశానని చెప్పుకుంటా. రేపట్నించి నువ్వు మాత్రం ఆ చెట్టు దగ్గరికి వెళ్లకు."

"బెదిరిస్తున్నావా?"

"బతిమాలుతున్నా."

"నీ మొహం మళ్లీ చూడను."

చీకటి పడేసరికి క్లిఫర్డ్ ఇల్లు చేరాడు. తాన్యాకి ఫోన్ చేసి డెస్మండ్ పేరు చెప్పాడు.

అప్పుడు, లెన్ నిద్రపోతున్న సముద్రంలోంచి, రేపు చెట్టుకి పోయడానికి ఎప్పటిలాగే ముంచి తెచ్చిన ఆ క్యాన్ ఉప్పునీళ్లని ఒలక్కుండా గడప లోపల పెట్టి, నెమ్మదిగా తలుపు వేసుకున్నాడు.