అరువు చొక్కా

ఆ పెద్దావిడ ల్యాబ్‌లోని ఇంక్యుబేటర్ తలుపు మీద చెయ్యి వేసిందో లేదో, పరిశోధకురాలు గయ్యిమంది.

"ముట్టుకోకండమ్మా. తలుపు తెరుచుకుంటే లోపలి వేడి పోతుంది."

ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఎప్పుడూ వెచ్చగానే ఉంటుందా లోపల?"

"మనిషి ఒంటి వేడంత ఉంటుంది."

ప్రొఫెసర్‌గారు రమ్మన్నారని చెప్పి వచ్చి కూర్చుంది ఆవిడ. ఆయనేమో పత్తా లేరు. పొమ్మనలేక పొగబెట్టే తీరిక కూడా పరిశోధకురాలికి లేదు. లోపల కణాల మీద కెమెరా నడుస్తోంది. వైరస్ కణంలోంచి బయటపడే క్షణం ఇవాళ కూడా చిక్కకపోతే ఏడాది పని బూడిదలో పోసిన పన్నీరే.

తెర మీద పచ్చటి చుక్కలు మెరుస్తున్నాయి.

"అవేంటి తల్లీ?"

"వైరస్ ముక్కలు. కణం అంచుకు చేరుతున్నాయి. అంచంటే పల్చటి కొవ్వు పొర. వైరస్ దాన్ని లోపల్నుంచి తోసి, ఆ పొరనే ఒంటికి చుట్టుకుని తెంపుకుపోతుంది."

"దానికి సొంత బట్టల్లేవా?"

పరిశోధకురాలికి నవ్వొచ్చింది. ఇంత సూటిగా ఎవరూ అడగలేదు.

"లేవు. చొక్కా కూడా కణం దగ్గర అరువే, తిరిగివ్వని అరువు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం కాదు, పీక్కుపోయే రకం."

"మరి కణం ఏదీ?"

"చుట్టూ చీకటిగా ఉందే, అదే. అందులో చూడ్డానికేం లేదమ్మా."

ఆవిడ చుక్కల్ని వదిలేసి చీకటినే చూస్తూ కూర్చుంది.

"ఎక్కడివి ఈ కణాలు?"

"ఫ్రీజర్‌లోవి."

"అంతకు ముందు?"

"అది మా సార్‌కే తెలియాలి."

"ఒక్కసారి తలుపు తీసి చూపిస్తావా? దూరం నుంచే చూస్తాను."

"ఇవాళ కుదరదమ్మా."

ఆవిడ తలుపు వైపు ఓసారి చూసి తలూపింది.

"పోనీలే, తియ్యకు. చలేస్తుంది."

కణాలకు చలేమిటి, చాదస్తం కాకపోతే, అనుకుంది పరిశోధకురాలు.

అంతలో తెర అంచున ఒక చుక్క ఉబ్బింది, ఊగింది, తెగి పక్కకు జారింది. ఏడాదిగా ఎదురుచూసిన క్షణం అదే.

"చూశారా, వెళ్ళిపోయింది," అంటూ వెనక్కి తిరిగింది.

కుర్చీ ఖాళీగా ఉంది.

ప్రొఫెసర్ ఆయాసపడుతూ వచ్చారు. తెర చూసి మొహం వెలిగింది.

"ఇంకే కణాల్లోనూ దొరకనిది వీటిలోనే దొరికింది. ఆవిడకి చూపించావా?"

"అప్పటికే వెళ్ళిపోయారు సార్. వైరస్ బయటికి రావడం చూడనేలేదు."

"వైరస్‌తో ఆవిడకేం పనమ్మా? ఆ కణాలు ఎన్నో ఏళ్ళ కిందట ఒక పిల్లాడికి ఆపరేషన్ చేసి తీసిన గడ్డలోవి. పిల్లాడు దక్కలేదు, ఇవి మాత్రం బతికున్నాయంటే, ఒక్కసారి కళ్ళారా చూసుకుంటానని వచ్చారు, వాడి తల్లి."