ఊపిరి పందెం

అవ్వ మాస్కు ఊడబీకి నేలకేసి కొట్టింది.

"పొగబెట్టి పంపించేద్దామనుకుంటున్నారా నన్ను?"

గదిలో ఉన్నవాళ్ళంతా నవ్వారు. నవ్విన ప్రతివాళ్ళకీ దగ్గు తెర వచ్చింది.

ఆ ఆస్పత్రిలో దాన్ని నెబ్యులైజర్ గది అని ఎవరూ అనరు. పొగ గది అంటారు. ఊపిరాడనివాళ్ళు పొద్దున్నే వచ్చి, గోడ వెంట కుర్చీల్లో కూర్చుని, ముక్కూ నోరూ కప్పే మాస్కు పెట్టుకుని, మెషిను వదిలే మందు పొగ పీల్చుకుని ఇళ్ళకు పోతారు.

నర్సు ఆ గదికి కొత్త. ఆ ఊరికీ కొత్తే. డ్యూటీ దిగి హాస్టల్ గది తాళం తీసుకుని లోపలికి వెళ్ళిందంటే, మళ్ళీ ఇక్కడికి వచ్చేదాకా ఆమెను పలకరించే దిక్కు లేదు. ఇక్కడేమో ఇంతమందికి ఒక్కతే మందు పొయ్యాలి, గొట్టాలు మార్చాలి, ఛాతీ చప్పుడు వినాలి. మొండికేసిన అవ్వ పక్కన కూర్చుని బతిమాలే తీరిక ఎక్కడిది?

అవ్వ సంగతి డాక్టరు ముందే చెప్పాడు. మందంతా లోపలికి పోతే సరేసరి, లేకపోతే గొంతులో గొట్టం వేయక తప్పదు. ఈ వయసులో వేసిన గొట్టం మళ్ళీ తీయగలమో లేదో చెప్పలేనన్నాడు.

అవ్వ పక్కన స్టూలు మీద కూర్చున్న పెద్దాయన వంగి మాస్కు తీశాడు. నర్సు గొట్టానికి వేరే మాస్కు తగిలించి ఆయన చేతికిచ్చింది.

"పందెం... వేసుకుందామా... అమ్మా?" అన్నాడాయన అవ్వతో. "ఎవరు... ఎక్కువసేపు... పీలుస్తారో."

అవ్వ ఆయన్ని ఎగాదిగా చూసింది. తర్వాత మాస్కు పెట్టించుకుంది.

ఇద్దరూ ఒకేసారి గాలి పీల్చారు. ఆయన ముందే ఆగిపోయాడు. అవ్వ కళ్ళు మెరిశాయి. మళ్ళీ అని సైగ చేసింది. మళ్ళీ గెలిచింది. ఆ హుషారులో మందంతా పీల్చేసింది.

కావాలనే ఓడిపోతున్నాడు, కొడుకంటే ఇలా ఉండాలి అనుకుంది నర్సు.

అప్పటినుంచీ రోజూ అదే ఆట. ఆయన చొక్కాకు మెడ దాకా బొత్తాలు పెట్టుకుని వచ్చేవాడు. ఒక్కో మాటా తూచినట్టు, ఆగి ఆగి మాట్లాడేవాడు. నర్సు మనసులోనే ఆయనకు నిదానంగారు అని పేరు పెట్టుకుంది. అవ్వ కోసమే కాదు, ఎవరు మాస్కు లాగేసినా స్టూలు అటు జరుపుకుని వాళ్ళతోనూ పందెం కట్టేవాడు. ఎవరితో కట్టినా ఓడేది ఆయనే.

గది ఖాళీ అయినా కదిలేవాడు కాదు. మీ అమ్మగారు వెళ్ళిపోయారు కదా, మీరు వెళ్ళరా అని నర్సు అడిగితే, వెళ్తాలే అని ఖాళీ కుర్చీల వంక చూస్తూ ఉండేవాడు. వెళ్ళేముందు తిన్నావా అమ్మా అని అడిగేవాడు. గొట్టాలు కడుగుతూ, అటు తిరక్కుండానే ఊఁ అనేది నర్సు. ఆ ఊళ్ళో ఆమెను ఆ మాట అడిగింది ఆయనొక్కడే.

ఒకరోజు గది కిక్కిరిసిపోయింది. చోటు లేక ఒకావిడ గోడకానుకుని రొప్పుతోంది. నర్సుకి ఎక్కడలేని విసుగూ వచ్చింది.

"ఊపిరాడనివాళ్ళు నిలబడ్డారు. ఒంట్లో బాగున్నవాళ్ళు స్టూలు పట్టుకుని కూర్చుంటే ఎలాగండీ? బయటికి వెళ్ళండి."

"నిజమే... అమ్మా" అని ఆయన లేచాడు. గుమ్మం పట్టుకుని కాసేపు నిలబడి, వెళ్ళిపోయాడు.

మర్నాడు స్టూలు ఖాళీగా ఉంది.

అవ్వ మాస్కు లాగేసింది. ఈసారి వేళాకోళం ఏమీ లేదు. గొంతు గుంట లోపలికి పోతోంది. పెదాలు నీలంగా మారుతున్నాయి.

"మీ అబ్బాయి ఏడీ అవ్వా?"

"నాకు... అబ్బాయెక్కడ?" అంది అవ్వ, ఎగశ్వాసలోనే. "ఆయన... మీ ఆస్పత్రి మనిషి... కాదూ?"

ఆలోచించే వ్యవధి లేదు. నర్సు చేతిలో పని వదిలేసి ఆ స్టూలు మీద కూర్చుంది.

"పందెం అవ్వా. నాతో."

అవ్వ ఒకసారి గుమ్మం వైపు చూసింది. తర్వాత మాస్కు పెట్టనిచ్చింది. పీల్చింది, వదిలింది. మళ్ళీ పీల్చింది. నర్సు ప్రతిసారీ ముందే ఆగిపోయి ఓడింది. మెల్లగా అవ్వ పెదాలకు రంగు తిరిగింది.

అప్పుడు పై అంతస్తు ఆయా వచ్చింది. మందు పొగ కూడా పనిచేయనివాళ్ళను ఉంచే వార్డు ఆమెది.

"మా మూల మంచం పెద్దాయన తాలూకు వాళ్ళెవరమ్మా ఇక్కడ? పొద్దున పోయాడు. అప్పగించాలి."

మీ వార్డు వాళ్ళ బంధువులు ఇక్కడెందుకు ఉంటారు అంది నర్సు.

"ఏమో అమ్మా. మా వాళ్ళు పొగ గదిలో ఉన్నారు, తోడు కూర్చోవాలి అనేవాడు. వద్దన్నా వినకుండా వార్డు బట్టల మీద చొక్కా తొడుక్కుని రోజూ దిగొచ్చేవాడు. ఆయన్ని చూడ్డానికి పైకి మాత్రం ఎవరూ రాలేదు."

"మరి ఆయన తాలూకు వాళ్ళెవరూ లేరా?" అంది ఆయా గది చుట్టూ చూసి.

అవ్వ మాస్కు తీయకుండానే చెయ్యెత్తింది. నిన్న గోడకానుకుని నిలబడ్డ ఆవిడ ఎత్తింది. ఒక్కొక్కరే ఎత్తారు.

నిన్న తానన్న మాట గుర్తొచ్చి నర్సుకి ఏడుపు తన్నుకొచ్చింది. ఆమె కూడా చెయ్యెత్తింది.

ఆ పందెంలో ఆయన ఒక్కసారి కూడా కావాలని ఓడిపోలేదు.