ఆరు గంటల ఓర్పు

“మూత్రంలో ఇన్ఫెక్షన్. ఇలాగే వదిలేస్తే కిడ్నీల దాకా పోతుంది. ఇంతకీ మీరేం పని చేస్తారు?” అని అడిగింది డాక్టరమ్మ.

“ఊరూరా తిరిగి నీళ్ళ ఫిల్టర్లు అమ్ముతానండి.”

“బాగుంది. ఊరందరికీ నీళ్ళు తాగమని చెప్పి, మీరు గొంతు ఎండబెట్టుకుంటారన్నమాట.”

“ఆరు గంటల బస్సండి. మగవాళ్ళకు దారి పొడుగునా చెట్లున్నాయి. మాకు ఓర్పు ఉంది. అందుకే బస్సెక్కే రోజు నీళ్ళ చుక్క ముట్టను.”

“ఆ ఓర్పేదో మీ కిడ్నీలకు కూడా నేర్పాల్సింది. ప్రయాణమైనా సరే, రోజుకు మూడు లీటర్లు తాగాలి.”

మనిషి సంగతి మాటల్లో కాక బల్ల మీద వెతకడం ఫిల్టర్లావిడకు అమ్మకాల్లో అబ్బిన విద్య. డాక్టరమ్మ బల్ల మీద లీటరు సీసా ఉంది. మధ్యాహ్నం మూడు దాటినా దాని సీలు ఊడలేదు.

“మీరు రోజూ ఎలా వస్తారమ్మా?”

చీటీ రాస్తున్న చెయ్యి ఆగింది. “బస్సులోనే. రెండున్నర గంటలు.” మళ్ళీ చీటీ మీదికి వంగి, “ఇక్కడి బాత్రూముకు గడియ కూడా లేదు,” అని గొణిగింది.

ఇన్నాళ్ళూ ఇది తన ఒక్కదాని తెలివే అనుకుంది ఫిల్టర్లావిడ. పెద్ద చదువులు చదివినా ఇదే తెలివి వస్తుందన్నమాట!

“ఐదింటి బస్సేనా? నేనూ అందులోనే,” అంటూ సీలు తెంచి సీసా ముందుకు జరిపింది. “సగం మీరు, సగం నేను. ఒక్కదాన్నే అడిగితే డ్రైవరుకు చెవుడొస్తుంది. ఇద్దరం లేచి నిలబడితే ఎలా ఆపడో చూద్దాం.”

డాక్టరమ్మ గడియారం చూసింది. తర్వాత సీసా ఎత్తి, తన వాటాకన్నా కాస్త ఎక్కువే తాగేసింది.