ఇంజను మీద గూడు

1963 మే 5, ఆదివారం. వడగాలికి మామిడికాయలు రాలాయి; రుచిలేని కాయలే, ఆ సంగతి వదిలేద్దాం. ట్రాక్టరు కొట్టంలో ఒక ఎలుక ఇంజను మీద, పొగగొట్టం పక్కనే ఎండుగడ్డితో గూడు కట్టి నాలుగు పిల్లల్ని పెట్టింది.

"ఆ గొట్టం వేడెక్కితే గడ్డి అంటుకుంటుందే! పిల్లల్ని తీసుకుని నా గోడ కన్నంలోకి వచ్చెయ్," అంది దాని ముసలి తల్లి.

"నెల్లాళ్లుగా కదలని బండికి భయమేమిటమ్మా? నీ కన్నంలో అక్క గురకకే చస్తాం!" అంది కూతురు.

మధ్యాహ్నం కూతురు గింజల కోసం వెళ్లింది. అప్పుడే డ్రైవరు ఇంజను స్టార్ట్ చేశాడు. కాసేపటికి గడ్డి భగ్గుమంది. డ్రైవరు ఇసుక తెచ్చేలోగా ముసలి తల్లి మంటలోకి దూరి, మనవల్ని ఒక్కొక్కరినే నోట కరచుకుని దించింది. ఒళ్లు కాలి సాయంత్రానికి చనిపోయింది.

గోడ కన్నం పెద్ద కూతురికి వచ్చింది. దాచిన వడ్లు మనవలకు వచ్చాయి. చిన్న కూతురికి ఏమీ రాలేదు. అది అడగనూ లేదు.