నీళ్లు పండిన రోజు

తప్పులు కనబడితే మీరే దిద్దుకొని చదవండి. యాభై దాటాక అక్షరాలు నేర్చుకున్నదాన్ని. ఒక పేజీ రాయడానికి నాకు ఒక పూట పడుతుంది. అందుకే కథ చిన్నది.

చర్ల దగ్గర ఒక బాలికల హాస్టల్లో ఒక ఆయా ఉండేది. భర్త పోయాడు. పని పర్మినెంటు కాదు.

సైన్సు చెప్పే ప్రభాకర్ సారు అక్కడి వరండాలో రెండడుగుల గాజు తొట్టి పెట్టించాడు. బందరు నుంచి లారీలో సముద్రపు నీళ్లు క్యాన్లతో తెప్పించి నింపాడు. అడుగున ఇసుక, నాలుగు రాళ్లు, బుడబుడమనే చిన్న మోటారు.

"చేపలేవి సార్?" అని పిల్లలు అడిగారు.

"ముందు నీళ్లు పండాలె. పచ్చి నీళ్లల్ల వేస్తే చస్తయి."

సారు ట్రైనింగుకని ఖమ్మం పోతూ ఆయా చేతికి ఒక గాజు గొట్టం, మందు సీసా ఇచ్చాడు.

"రోజూ ఇన్ని నీళ్లు పట్టి అయిదు చుక్కలు వెయ్యి. పసుపుగుంటే మంచిది. ఆకుపచ్చగయితే విషం. బందరు కాలేజీ నుంచి పెద్ద సారు వస్తడు. తొట్టిని సాఫ్ చేసే నత్తలు, పీతలు ఆయనే ఏరి తెస్తడు. అందాక ఎవ్వరి చెయ్యి పడొద్దు. పాడయితే నీ పని నేను కాపాడలేను, ఆయమ్మా."

ఆమె తొట్టి పక్కన ఒక కుర్చీ వేసింది. పెద్ద సారు కోసం దాని మీద ఉతికిన తువ్వాలు పరిచింది.

వారం రోజులూ గొట్టంలో పసుపే.

ఎనిమిదో రోజు ఆమె వచ్చేసరికి ఆ కుర్చీలో ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. మాసిన లుంగీ. చెప్పుల్లేని కాళ్లు. ఒంటి నిండా ఎండుచేపల వాసన.

"ఏమయ్యా, ఏం అమ్ముతవు?"

"ఏం అమ్మనమ్మా. సారుగారు లేరాండి?"

"లేడు. ముందు లే. అది పెద్ద సారు కుర్చీ."

ఆయన గబుక్కున లేచి నేల మీద కూర్చున్నాడు. తొట్టిలో వేలు ముంచి నాలుకకు రాసుకున్నాడు.

"ఈ నీళ్లు ఆకలితో ఉన్నాయమ్మా," అంటూ గుడ్డసంచిలోంచి ఒక చచ్చిన రొయ్య తీసి తొట్టిలో జారవిడిచాడు.

"అయ్యో! ఏందది? పో! పో ఇక్కడినుంచి!" ఆమె చీపురెత్తింది.

"నెలకి మళ్లీ వస్తానండి," అని నవ్వి వెళ్లిపోయాడు.

రొయ్య రాళ్ల సందులోకి దిగింది. చెయ్యి పెట్టడానికి ఆమెకు ధైర్యం చాలలేదు.

మూడోనాడు గొట్టంలో ఆకుపచ్చ.

ఆమె సారుకు ఫోను చేయలేదు. చేస్తే పని పోతుంది. రోజూ గొట్టం పట్టేది. రోజూ ఆకుపచ్చే.

"ఆయమ్మా, కంపు కొడుతుంది. సముద్రమంటే ఇదేనా?" అనేది బాలి అనే పిల్ల.

"ముక్కు మూసుకొని చదువుకో."

నెల గడిచింది. ఒక పొద్దున గొట్టంలో పసుపు. మరునాడూ పసుపే. గండం గడిచిందని దండం పెట్టుకుంది.

ఆ మధ్యాహ్నమే ముసలాయన బస్సు దిగాడు. మూత బిగించిన రేకు డబ్బా ఒకటి గుండెకు హత్తుకొని నడిచి వస్తున్నాడు.

మళ్లీ విషం! ఆమె ఎదురుగా ఉన్న పోలీసు క్యాంపుకు ఉరికింది.

"అయ్యా, ఎవడో పరాయోడు. డబ్బా పట్టుకొని వస్తుండు."

మందుపాతరలు పేలే రోజులవి. డబ్బా అంటే ఏం జరుగుతుందో ఆమెకు తెలుసు. తెలిసే అంది.

తుపాకులు లేచాయి. డబ్బాను మైదానం నడుమ పెట్టించారు. ఆయన చేతులు వెనక్కి కట్టారు. ఆయా పిల్లలను హాస్టల్ వెనక్కి తోలుకుపోయింది. అక్కడికి ఒక్క మాటే వినబడుతోంది.

"నీడలో పెట్టండయ్యా... ఎండలో పెట్టమాకండి..."

బాంబు తనిఖీవాళ్లు భద్రాచలం నుంచి రావడానికి నాలుగు గంటలు పట్టింది. మార్చి ఎండ.

మూత తీశారు. నాచులో పొదిగిన నత్తలు. గవ్వలను వీపున మోసే చిన్న చిన్న పీతలు. రేకు చెయ్యి కాలేంత వేడి.

"ఏందయ్యా ఇది, కూరకా?" అని ఒకడు నవ్వి కట్లు విప్పాడు.

ముసలాయన డబ్బా ముందు కూర్చున్నాడు. ఒక్కొక్కటీ అరచేతిలో పెట్టుకొని చూశాడు. చూసి పక్కన పెట్టాడు. అట్టడుగున ఒక నత్త కదిలింది. దాన్ని తెచ్చి తొట్టిలో మెల్లగా వదిలాడు. ఆయా ఈసారి చీపురెత్తలేదు.

పసుపుగా ఉన్న గొట్టం చూసి ఆయన ఆమెకు చేతులు జోడించాడు.

"నీళ్లు పండినాయమ్మా. బాగా చూసుకున్నారు."

సాయంత్రం బస్సుకు వెళ్లిపోయాడు.

మరునాడు ప్రభాకర్ సారు చేతిలో ఉత్తరంతో పరుగున వచ్చాడు.

"ఆయమ్మా, నాంచారయ్య వచ్చిండా?"

"ఆయనెవరు సార్?"

"ఈ ఉత్తరం నెల సంది తిరిగి తిరిగి నిన్న నాకు అందింది. పెద్ద సారు రాసిండు, విను." చదివాడు. "నేను రాలేను. వచ్చినా లాభం లేదు. నాకు తెలిసింది పుస్తకాల్లో సముద్రం. ఈ విద్య నాకు నేర్పిన నాంచారయ్యను పంపుతున్నాను. మీ క్యాన్లు నింపిందీ ఆయనే. అక్షరం రాదు. కానీ ఆయన వస్తే నేను లేచి నిలబడతాను."

ఆమె రొయ్య సంగతి మొదలుపెట్టి అన్నీ చెప్పేసింది.

సారు తల పట్టుకున్నాడు. "అది కుళ్లితేనే ఆ విషాన్ని తినే కంటికి కనబడని క్రిములు పుడతయి, అప్పుడే నీళ్లు పండుతయి, ఆయమ్మా. వెయ్యాల్సింది నేనే, మరిచిపోయిన. వెయ్యకుంటే ఏడాదయినా ఆ ఉత్త పసుపే."

తొట్టిలో ఆ ఒక్క నత్త అద్దం మీది పాచి తింటూ పైకి పాకుతోంది. అది పోయిన దారి తేటగా కనబడుతోంది.

ఆయా కుర్చీ వైపు చూసింది. నెలన్నరగా ఆమె రోజూ తువ్వాలు ఉతికి పరిచింది, తను లేపేసిన మనిషి కోసమే.

జంపక్క, అరవై ఆరేళ్లు. హాస్టల్లో ఆయా పని మానేశాక పెనుబల్లిలో కూతురి దగ్గర ఉంటున్నాను.