గోడకు తగిలే తలుపు

వనజ స్టూలు దిగకుండానే అత్తను పిలిచింది. పై కబోర్డు తలుపుకు నిన్న తాను అంటించిన రెండు రబ్బరు బిళ్లలూ మళ్లీ లేవు. తెల్లటి టైలు మీద, తలుపు పిడి వచ్చి తగిలే చోట, సన్నటి బీట ఇంకో వేలెడు పొడుగైంది.

"అత్తా, బిళ్లలు ఏమైనయి?"

"ఏమో, ఊడిపోయినట్టున్నయి," అంది నాగేంద్రమ్మ. సొరకాయ చెక్కు తీస్తున్న చేతులు ఆగలేదు, తల ఎత్తలేదు.

గోరు పెట్టి గీకినా రావని దుకాణమాయన చెప్పిన బిళ్లలవి. ఊడిపోవడం ఇది మూడోసారి.

గద్వాలలోని ఆ ఇంట్లో వంటగది కొత్తది. పాత బండల అరలు తీయించి కబోర్డులు పెట్టించడం వనజ ముచ్చట. ధరూరు పోస్టాఫీసులో ఉద్యోగం వచ్చాక ఏడాది పాటు ఆగి, మనసుపడి చేయించుకుంది. అన్నీ బాగానే కుదిరాయి గానీ, పక్క గోడను ఆనుకుని ఉన్న ఆ ఒక్క తలుపు తెరిచినప్పుడల్లా వెళ్లి టైల్స్‌కు కొట్టుకుంటోంది. మెల్లగా తెరిస్తే ఏ గొడవా లేదు. అత్త మాత్రం మెల్లగా తెరవదు. గోడకు తగిలేదాకా తోస్తుంది. పొద్దున లేచింది మొదలు వనజకు బాక్సు కట్టేదాకా టక్, టక్, టక్. ఆ చప్పుడు వింటే వనజకు ఎవరో తన నెత్తిన మొట్టుతున్నట్టే ఉండేది.

మెల్లగా తెరవమని ఎన్నోసార్లు చెప్పింది. సరే అన్న మాట అత్త నోట్లో ఉండగానే మళ్లీ టక్. బిళ్లలు పోయాక స్పాంజి ముక్క అంటించి చూసింది. అదీ పోయింది. చివరికి కబోర్డులు చేసిన వడ్ల సాయన్ననే పిలిపించింది. ఆయన లోపలివైపు చిన్న గొలుసు బిగించాడు. దాంతో తలుపు సగం తెరుచుకుని అక్కడే నిలబడిపోతుంది, గోడ దాకా పోదు. వనజ పదిసార్లు తీసి, వేసి చూసుకుని మురిసిపోయింది. రెండు రోజులు ఇల్లు నిమ్మళంగా ఉంది.

మూడోనాడు ఆఫీసు నుంచి వచ్చేసరికి అత్త నుదుటి మీద ఇంత బొప్పి. ఏందని అడిగితే బాత్రూం రేకు తలుపు తగిలిందంది. ఆ మర్నాడే గొలుసు ఒక కొన ఊడి వేలాడుతూ కనిపించింది.

వనజ ఓపిక అక్కడితో అయిపోయింది. విత్తనాల గోడౌన్ నుంచి భర్త శ్రవణ్ కుమార్ రాగానే పంచాయితీ పెట్టింది. తలుపు ఒక్కటే కాదు, కడుపులో ఉన్నదంతా కక్కింది. డబ్బాలు జానెడు పక్కకు జరిపితే ఆ రోజంతా అత్త మూతి ముడుచుకునే ఉంటుంది. బియ్యం ఏరమంటే పక్కింటి సరోజ చేతికి ఇచ్చి వస్తుంది. సంతకు పోవడం కూడా మానేసింది. పాత అరలు తీయించిన కోపం ఇట్లా తీర్చుకుంటోంది కాకపోతే ఇంకేంది?

"నా కబోర్డులు జూస్తే మీ అమ్మకు కండ్లమంట," అంది వనజ.

శ్రవణ్ కుమార్ తల్లి వైపు చూశాడు, పెళ్లాం వైపు చూశాడు, తువ్వాలు తీసుకుని స్నానానికి పోయాడు. దాంతో వనజకు ఇంకా మండింది. ఈ బాధ పడేకన్నా నౌకరి మానేసి తన వంట తానే చేసుకుంటానని అత్త ఎదురుగా నిలబడి చెప్పింది.

నాగేంద్రమ్మ ముఖం ఒక్కసారిగా మారిపోయింది.

"గా మాట ఇంకోసారి అనకు బిడ్డా. నువ్వు నీ నౌకరి జూస్కో. వంటిల్లు నాకు ఇడిసిపెట్టు."

వంటింటి మీద ఎంత పెత్తనం, అనుకుంది వనజ.

సాయన్న మళ్లీ వచ్చాడు. ఈసారి గొలుసు కాదు, ఇనుప ముక్క పెట్టి రెండు స్క్రూలు గట్టిగా బిగించాడు. ఇది ఊడితే మనిషి ఊడదీయాల్సిందే, దానంతట అదైతే ఊడదని చెప్పి మరీ పోయాడు. వనజకు కావలసింది కూడా అదే. ఈసారి చేతికి చిక్కితే అత్త ఏం చెబుతుందో చూడాలి.

మర్నాడు సగం రోజు సెలవు పెట్టి, మధ్యాహ్నానికే షేర్ ఆటో ఎక్కి వచ్చేసింది. చెప్పులు వాకిట్లోనే విడిచింది. అడుగు చప్పుడు కాకుండా వంటింట్లోకి నడిచింది. కిటికీలోంచి ఎండ గది నిండా పరుచుకుని ఉంది.

అనుకున్నట్టే అత్త కత్తి పట్టుకుని కబోర్డు ముందు నిలబడి ఉంది. ఎడమచేతి వేలితో స్క్రూ తలను తడిమి, దాని గాడిలో కత్తి మొన ఆనించి తిప్పుతోంది. ఒకటి వచ్చింది. కాసేపటికి రెండోదీ వచ్చింది. ఇనుప ముక్క గట్టు మీద పడింది. నాగేంద్రమ్మ కత్తి పక్కన పెట్టి తలుపును తోసింది. టక్. గోడకు తగిలిన చప్పుడు విన్నాకే తల ముందుకు వంచి, పప్పు డబ్బా అందుకుంది.

వనజ రెండు అడుగుల దూరంలో నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడింది. అనాల్సిన మాటలన్నీ ఆటోలోనే కూర్చుకుని వచ్చింది. ముందు అత్త నోటితో ఏం బొంకుతుందో విందామని ఆగింది. చేతిగాజులు గల్లుమన్నాయి.

నాగేంద్రమ్మ గిరుక్కున ఇటు తిరిగింది. ఎండ వెలుగులో ఇద్దరి ముఖాలూ ఎదురెదురుగా ఉన్నాయి. కోడలి ముఖంలోకే సూటిగా చూస్తూ, డబ్బాను గుండెకు హత్తుకుని నిలబడిపోయింది.

"ఎవరది?" అంది.