ఏడవడం నేర్పిన టీచరు

"నా పెన్ను కనపడట్లేదు. ఇందాక దొంగతనం ఒప్పుకుందే, ఆ పిల్ల సంచీ చూడండి" అన్నాడు బడి తనిఖీకొచ్చిన ఇన్‌స్పెక్టరు.

మూడో తరగతి పిల్లలంతా బిక్కచచ్చిపోయారు.

పది నిమిషాల క్రితం ఆయనే నా నిజాయితీ పాఠానికి ముచ్చటపడి చప్పట్లు కొట్టాడు. పాఠం మధ్యలో ఆ పిల్ల లేచి "టీచర్, పక్కమ్మాయి రబ్బరు నేనే తీశాను" అని వెక్కి వెక్కి ఏడ్చింది మరి.

నిజానికి అది పరాయివాళ్ల గడ్డిపరక కూడా ముట్టదు. ఇన్‌స్పెక్టరు వస్తున్నాడని మూడు రోజులు కూర్చోబెట్టి, ఏం చెప్పాలో, ఏ మాట దగ్గర ఏడవాలో నేర్పించింది నేను. ఏడవమంటే ఇట్టే ఏడుస్తుందని ఏరికోరి దాన్నే లేపాను.

ఆ ముక్క ఇప్పుడు చెప్పేస్తే సరిపోతుంది. కానీ నా బండారం బయటపడుతుంది.

అందుకని సంచీ తీసి నా చేత్తో నేనే బల్లమీద బోర్లించాను. రెండు పుస్తకాలు, కొస కొరికిన పెన్సిలు పడ్డాయి. పెన్ను లేదు.

"ఎక్కడో దాచేసుంటుంది. అలవాటైన చెయ్యి కదా!" అని ఆయన మూతి విరిచాడు.

అవునన్నట్టు ఓ వెకిలి నవ్వు నవ్వాను. థూ, నా బతుకు!

పిల్ల నా వేలు పట్టి కిందికి లాగింది. వంగితే, చెవిలో మెల్లిగా అడిగింది.

"ఇది కూడా నేనే తీశానని చెప్పాలా టీచర్? ఏ మాట దగ్గర ఏడవాలి?"